అతుకు చప్పుడు

కాశీబుగ్గ బస్టాండుకి ఎదురుగా
మూడడుగుల కొట్టు నాది.
తెగిన తీగలకి టంకం పెడతాను,
తెగనివాళ్ళకి ఫోను తొడుగులమ్ముతాను.

పోయిన మంగళవారం
బరంపురం బండి దిగిన కుర్రాడొకడు
నల్లటి హెడ్‌ఫోనొకటి బల్ల మీద పెట్టి
"ఇరవై రెండు వేలు, జాగ్రత్త" అన్నాడు.
ఎడమ పక్క మూగపోయిందట.
పావుగంట పని. తీగ కొసన ఓ చుక్క.
కుర్రాడు సాయంత్రానికి గానీ రాడు.

బాగైందో లేదో ఎవరి చెవిన చూడను?
నా చెవి పనికిరాదు.
ధర తెలిసిన చెవి అబద్ధమాడుతుంది.

అప్పుడొచ్చింది తవిటమ్మ,
జీడిపిక్కల ఫ్యాక్టరీలో పొద్దుటి పని దిగి.
వేళ్ళ కొసలకి వదలని జీడి నలుపు.
కొంగుముడి విప్పి
ఎనభై రూపాయల ఇయర్‌ఫోన్ తీసింది.
"ఓ సెవి పలకడం నేదు బాబూ."
దానికీ ఓ చుక్క పెట్టాను.

"నీ పాటే దీన్లో కూడా ఓసారి విను" అన్నాను.
ధర చెప్పలేదు.

ఆమె ఫోన్లో ఉన్నది ఒకటే పాట.
మూడేళ్ళ కిందట మందస దారిలో
గంగమ్మ పండగనాడు
వాళ్ళన్న జట్టు ఆడిన తప్పెటగుళ్ళు.
గుంపులోంచి ఎవరో చెయ్యెత్తి పట్టిన రికార్డు,
సగం పాట, సగం గాలి.

కొప్పు అడ్డొస్తే కాస్త కిందికి జరిపాను.
కళ్ళు నా మీదే పెట్టి వింది.
"ఎలాగుంది?"
"ఏటుంతాది? పాట అదే కదేటి.
సెవులుడికిపోతన్నాయి."

ఇరవై రెండు వేలు
ఆమె చెంప మీద ఓ చెమట చుక్కై జారింది.

చిన్నది పెట్టాను. "అదే" అంది.
మళ్ళీ పెద్దది. "అదే. కాస్త గట్టిగున్నాదంతే."
గట్టిదనం తగ్గించాను, రెండూ ఒక మట్టానికొచ్చేదాకా.
"ఇప్పుడో?"
కొంచెంసేపు మాట్లాడలేదు.
"మనుషులు ఎడంగా నిల్చున్నారు బాబూ.
ఒకలి మీద ఒకలు పడిపోడం నేదు."

అంతలో చెయ్యెత్తింది, బస్సు ఆపినట్టు.
"ఎనక్కి తిప్పు."
తిప్పాను.
"మళ్ళీ."

అందరూ ఎగిరి ఒక్కటిగా కొట్టేచోట
ఒక్క దెబ్బ వెనకబడింది.
ఆ ఏడు పందెం పోయిందక్కడే.
నింద కూర్మయ్య మీద పడింది. కొత్తవాడు, పందొమ్మిదేళ్ళవాడు,
తప్పెట దించేసి ఇటుకబట్టీకి పోయాడు.

"ఇది కూర్మిగాడిది కాదు.
ఆడి తప్పెట కంగుమంతాది.
ఇది సిర్రుమంతంది. అతుకు తప్పెట.
మా అన్నది.
నువ్వే కదేటి అతికినావు?"

నేనే.
పండక్కి వారం ముందు, పగిలిన రేకుకి,
ఈ కాడితోనే.
ఇరవై రూపాయలు తీసుకున్నాను కూడా.

నల్లది తీసి బల్ల మీద పెట్టింది.
తనది చెవుల్లో దూర్చుకుని
అదేచోటికి పాటని తిప్పింది.
ముఖం మారిపోయింది.
"దీన్లోనూ ఉన్నాదే!
మరిన్నాళ్ళూ నానేటి ఇన్నాను?"

తేడా ఉందా అని అడిగినవాణ్ణి నేనే.
నా దగ్గర జవాబు లేదు,
కాడి చివర ఆరిపోతున్న కాస్త పొగ తప్ప.

"అన్నకి చెప్తావా?"
"ముందు కూర్మిగాడికి ఇనిపించాల" అంటూ
రోడ్డు దాటి ఆటో ఎక్కేసింది.
డబ్బులివ్వడం మరిచిపోయింది.
నేనూ అడగలేదు.

సాయంత్రం కుర్రాడొచ్చి
కళ్ళు మూసుకుని, తలూపి, తల ఆపి,
"బాస్ కొంచెం తగ్గిందండీ" అన్నాడు.
తగ్గిందేమో.
నూట యాభైలో
యాభై తగ్గించుకున్నాను.